టైర్లు కొనే ముందు బ్రేక్ వదిలే తీరు మార్చి చూడండి

చెన్నై దగ్గరి రేస్ ట్రాక్ మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో మీ పోలో కారు మలుపుల్లో బయటికి జారిపోతోందని, స్టీరింగ్ ఎంత తిప్పినా తిరగట్లేదని, మంచి గ్రిప్ ఉన్న టైర్లు కొనాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు. ఇది అండర్‌స్టీర్. మలుపులోకి వెళ్లే వేగమే ఎక్కువైంది.

ముందు టైర్ల పట్టు ఒకే బ్యాంకు ఖాతా లాంటిది. బ్రేకుకైనా, మలుపుకైనా, యాక్సిలరేటర్‌కైనా అందులోంచే ఖర్చు. పైగా 60 కిలోమీటర్ల వేగంతో తిరిగే మలుపును అదే లైన్‌లో 66తో తిరగాలంటే 21 శాతం ఎక్కువ పట్టు కావాలి!

గట్టి బ్రేకింగ్ కారు తిన్నగా ఉన్నప్పుడే ముగించండి. స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టాక పెడల్‌ను టక్కున వదలకండి, తిప్పేకొద్దీ నెమ్మదిగా వదలండి. అప్పుడు బరువు ముందు చక్రాల మీదే ఉండి, ముక్కు లోపలికి తిరుగుతుంది. నన్నడిగితే సగం సమస్య ఇక్కడే తీరుతుంది.

అయినా జారితే ఇంకా తిప్పాలనిపిస్తుంది. తిప్పకండి. స్టీరింగ్ కాస్త వెనక్కి తెచ్చి, యాక్సిలరేటర్ కొంచెం తగ్గించండి. పట్టు దొరకగానే తేలికైన స్టీరింగ్ మళ్లీ బరువెక్కడం చేతులకు తెలుస్తుంది. యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేస్తే మాత్రం కారు వెనక భాగం తిరిగిపోవచ్చు, జాగ్రత్త.

సెషన్ అవగానే, టైర్లు వేడిగా ఉండగానే గాలి చూడండి. వేడికి ప్రెజర్ బాగా పెరుగుతుంది. అందుకని గాలి తగ్గించి ఉంటే, ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ కొట్టించండి.

ఈఎస్‌సీ, అంటే కారు అదుపు తప్పుతుంటే తనంతట తానే బ్రేకులు వేసి సరిదిద్దే వ్యవస్థ, ఆన్‌లోనే ఉంచండి. దాని లైట్ ఏ మలుపులో మెరిసిందో చెప్తే ఆ మలుపు గురించి విడిగా మాట్లాడుకుందాం.