చిన్న వయసులో ఊబకాయం ఉంటే గుండె హఠాత్తుగా ఆగిపోయే ముప్పు పెరుగుతుందా?

పెరుగుతుంది, అయితే యువతలో ఇటువంటి మరణాలు మొత్తం మీద అరుదేనని కూడా గుర్తుంచుకోవాలి. పెరిగిన శరీరానికి రక్తం అందించేందుకు ఏళ్ల తరబడి ఎక్కువగా శ్రమించే గుండెలో ఎడమ జఠరిక (శరీరానికి రక్తం పంపే గది) గోడ మందమవుతుంది. కండరపు పోగుల మధ్య కొవ్వు, మచ్చకణజాలం చేరడంతో గుండె లయను నడిపే విద్యుత్ సంకేతాల దారి చెదిరి, లయ ప్రాణాంతకంగా తప్పే అవకాశం ఏర్పడుతుంది. అధిక రక్తపోటు, మధుమేహం దీనికి తోడవుతాయి.

ఉదాహరణకు, విజయవాడలో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసే 28 ఏళ్ల యువకుడు 170 సెంటీమీటర్ల ఎత్తు, 87 కిలోల బరువు ఉన్నాడనుకుంటే అతని బీఎంఐ (ఎత్తు, బరువుల నిష్పత్తిని చూపే సూచిక) 30 దాటుతుంది. భారతీయులకు 25 నుంచే ఊబకాయంగా లెక్కిస్తారు. అధిక బరువు వల్ల అతను గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే ఇంట్లోవాళ్లు అలసట అనుకుంటారు (మన ఇళ్లలో గురకను గాఢనిద్రకు గుర్తుగా చూడడం మామూలే), కానీ ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ఆక్సిజన్ తగ్గి గుండెపై ఒత్తిడి పెరుగుతుంది.

చాలామంది గుండె హఠాత్తుగా ఆగిపోవడాన్నీ గుండెపోటునూ ఒకటే అనుకుని, రక్తనాళాల్లో పూడిక లేదు కనుక భయం లేదంటారు. గుండెపోటులో గుండె కండరానికి రక్తప్రవాహం ఆగుతుంది. ఇక్కడ లయ దెబ్బతిని గుండె కొట్టుకోవడమే ఆగుతుంది. గుండెపోటు ఇందుకు ఒక కారణం కాగలదు గానీ, పూడిక లేకపోయినా ఇది జరగవచ్చు.