షోరూంలో బాగున్నదే కొనెయ్యకండి

షోరూంలో క్లిప్ష్ ఆర్‌పీ-600ఎం స్పీకర్ల ముందు కెఫ్ ఎల్ఎస్50 మెటా స్పీకర్లు చప్పగా వినిపించాయి, ఏవి కొనాలి అని అడిగారు కదండీ, అప్పుడే తేల్చెయ్యకండి. వాల్యూమ్ నాబ్ కదపకుండా రెండూ మార్చి మార్చి వినిపించి ఉంటారు. కంపెనీ లెక్కల్లో క్లిప్ష్ సెన్సిటివిటీ, అంటే ఒకే సిగ్నల్‌కి ఎంత గట్టిగా మోగుతుందనే కొలత, 96 డెసిబెల్స్, కెఫ్‌ది 85. అంటే అదే నాబ్ దగ్గర క్లిప్ష్ దాదాపు రెట్టింపు గట్టిగా మోగుతుంది, గట్టిగా మోగేదే చెవికి బాగుందనిపిస్తుంది. నేనూ అలాగే బోల్తాపడి, తెచ్చిన జతని నెల తిరక్కుండా అమ్మేశాను.

మళ్లీ వెళ్లండి. మీరు కూర్చునే చోట ఫోన్ పెట్టి, సౌండ్ మీటర్ యాప్‌లో చూస్తూ పింక్ నాయిస్‌తో (జోరుమని ఏకధాటిగా మోగే పరీక్ష శబ్దంతో) రెండింటి శబ్దాన్నీ సమానం చెయ్యండి. అర డెసిబెల్ అటూ ఇటూ పర్లేదు. అప్పుడు మీకు కంఠతా వచ్చిన పాట పెట్టండి. మృదంగం ఎడమవైపు దెబ్బ గుమ్మని ఆగుతోందా, సాగుతోందా? గాయని పలికే ‘స’ అక్షరం చెవిలో గుచ్చుకుంటోందా?

కెఫ్ నచ్చితే మాత్రం మీ దగ్గరున్న 25 వాట్ల యాంప్ (స్పీకర్లని నడిపే యాంప్లిఫయర్) చాలదు. శబ్దం 3 డెసిబెల్స్ పెరగాలంటే ప్రతిసారీ వాట్లు రెట్టింపు కావాలి, కెఫ్ కంపెనీయే కనీసం 40 వాట్లు అంటోంది. క్లిప్ష్ అయితే ఆ యాంప్ ధారాళంగా సరిపోతుంది. ఏది కొన్నా, మీ ఇంట్లో టైల్స్ నేల అన్నారు, అది శబ్దాన్ని తిప్పికొడుతుంది కాబట్టి ముందో మందపాటి జంపఖానా పరవండి.