టెక్ సందేహాలు: యాప్ చెప్పిన పురుగు పేరు నమ్మొచ్చా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. వాన పడ్డాక జీడితోటలో ఎండుటాకులు ఊడుస్తుంటే బొటనవేలంత నల్ల పెంకుపురుగు ఒకటి పరుగెత్తింది. ఒంటి మీద ఆరు తెల్లచుక్కలు. మా బావ తీసి వాట్సాప్‌లో పంపిన ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెడితే బొద్దింక అంది. ఫొటో చూసి జీవుల్ని గుర్తుపట్టే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే ఏవో ఆఫ్రికా పురుగులు చూపించింది. ఏది నమ్మాలి?

జవాబు: బొద్దింక సంగతి వదిలేయండి. రెండోది మాత్రం దగ్గరకే వచ్చింది. మీ వర్ణన ఆంథియా సెక్స్‌గట్టాటాకు సరిపోతోంది. మన దేశపు పురుగే, కానీ దాని చుట్టాలు ఎక్కువమంది ఆఫ్రికాలోనే ఉన్నారు. లాటిన్‌లో ఆ పేరుకు అర్థమే ఆరు చుక్కలది అని. మెడ మీది డాలు లాంటి భాగంలో రెండు, వెనక పెంకుల మీద నాలుగు ఉన్నాయేమో చూడండి.

అసలు చిక్కు ఫొటోలో ఉంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గడమే కాదు, ఎక్కడ, ఎప్పుడు తీశారన్న వివరమూ పోతుంది. ఐనాచురలిస్ట్ ఆ చుట్టుపక్కల కనిపించే జీవులకు మొగ్గు చూపుతుంది. ఊరే తెలియకపోతే దానికి పలాసైనా ఆఫ్రికా అయినా ఒకటే! ఫొటోను ‘డాక్యుమెంట్’గా పంపమని బావగారికి చెప్పండి. లేదంటే ఊరు, తేదీ మీరే నింపండి. తోట ఆచూకీ అందరికీ తెలియడం ఇష్టం లేకపోతే లొకేషన్‌ను ‘అబ్‌స్క్యూర్డ్’ (కచ్చితమైన చోటు కనిపించకుండా) చేసుకోవచ్చు.

మళ్లీ దొరికితే పుల్లతో నున్నటి ప్లాస్టిక్ టబ్బులోకి తోయండి, నీడలో పెట్టండి. ఫ్లాష్ వద్దు, నల్ల పెంకు మీద తళుక్కుమని గీతలన్నీ మాయమవుతాయి. ఫోన్ మరీ దగ్గర పెడితే మసకే. జానెడు దూరం నుంచి 2ఎక్స్ జూమ్ వాడండి, తెర మీద పురుగును తాకి వెలుతురు కాస్త తగ్గించండి. పై నుంచి ఒకటి, తలా మీసాలూ కనిపించేలా ఒకటి, వెనక కాలి పాదం ఒకటి తీయండి. పక్కన పిల్లల స్కేలు పెట్టండి. రూపాయి బిళ్లలు సిరీస్‌కో సైజులో వస్తున్నాయి, వాటితో కొలత కుదరదు.

ఆ పాదం ఫొటోను పెద్దది చేసి కణుపులు లెక్కపెట్టండి. ఇలాగే నల్లగా ఉండే టెనెబ్రియోనిడే కుటుంబం పురుగులకు వెనక పాదంలో నాలుగే ఉంటాయి. మీది ఆంథియాలాగా నేలమీద వేటాడే కారబిడే కుటుంబానిదైతే అయిదు ఉండాలి.

చేత్తో మాత్రం పట్టకండి. బెదిరితే వెనక నుంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. కంట్లో పడితే వెంటనే నీళ్లతో బాగా కడుక్కుని డాక్టరుకు చూపించండి.