కవరు మీది స్టాంపును ఊడదీయకు

శ్రీకాకుళం

చిరంజీవి సౌజన్యను పెద్దనాన్న ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

విజయనగరంలో జరగబోయే తపాలా బిళ్లల ప్రదర్శనలో అంతరిక్ష యాత్రల మీద ఒక ఫ్రేము పెడుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఉద్యోగమంతా తపాలా కౌంటరు వెనకే గడిపినవాడిని. మన ఇంటి పిల్ల వీటి మీద మనసు పెట్టిందంటే నాకు ఎంత గర్వంగా ఉంటుందో నీకు తెలియదు. అయితే మీ అమ్మ అంతటితో ఆపలేదు. పాత కవర్లన్నీ నానబెట్టి స్టాంపులు తీస్తున్నావని కూడా అంది. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఈ ఉత్తరం అందేసరికి నీ ముందు నీళ్ల పళ్లెం ఉంటే, ముందు దాన్ని అవతల పెట్టు. తరవాత చదువు.

చిన్న విషయాలు ముందుగా చెప్పేస్తాను. స్టాంపును వేళ్లతో పట్టుకోకు, పట్టకారు వాడు. జిగురు, సెల్లోటేపు, లామినేషన్ వద్దు. ఫ్రేము అంటే 16 కాగితాలు. వాటిలో ఒకే కథ నడవాలి, దొరికినవన్నీ నింపకూడదు.

ఇక అసలు సంగతి. మీ నాన్న నీకిచ్చిన ఆల్బమ్ రెండో పేజీలో ఆర్యభట స్టాంపు ఉంటుంది. 1975 నాటి 25 పైసల బిళ్ల. దాని మూలన నల్లటి వంపు గీత ఒకటి కనిపిస్తుంది. ఆ గీత ఎలా వచ్చిందో మీ నాన్న నీకు చెప్పి ఉండడు.

ఆ ఏడాది ఏప్రిల్ 19న మన మొదటి ఉపగ్రహం సోవియట్ దేశంలోని కపుస్తిన్ యార్ నుంచి పైకి వెళ్లింది. బెంగళూరులో యు.ఆర్. రావు గారి బృందం తయారు చేసిన ఉపగ్రహం, బరువు 360 కిలోలు. తరవాత రెండు రూపాయల నోటు వెనక కూడా దాని బొమ్మ వేశారు. స్టాంపు విడుదలైన రోజున హైదరాబాదులో ఉన్న మా మేనమామ దాన్ని ఒక కవరుకు అంటించి, ఆ రోజు ముద్ర కొట్టించి, విజయనగరంలో మీ నాన్న పేరున పంపారు. మీ నాన్నకు అప్పుడు పదేళ్లు. వాడి పేరున మన ఇంటికి వచ్చిన మొదటి ఉత్తరం అదే. పోస్టుమాన్ పేరు పెట్టి పిలిస్తే వీధి చివరి నుంచి పరుగెత్తుకుని వచ్చాడు. వెనక వైపు విజయనగరం చేరిన తేదీ ముద్ర కూడా చక్కగా పడింది.

మరునాడు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి వాడు పెరట్లో గోలెం దగ్గర కూర్చుని ఉన్నాడు. నానబెడితే స్టాంపు తేలిగ్గా వస్తుందని తోటి పిల్లవాడెవరో చెప్పాడట. కవరు మెత్తబడి, సిరా కారి, మామయ్య చేతిరాత నీలిమరక అయిపోయింది. ముద్రలో తేదీ ఉన్న భాగం కవరుతో పాటే ముద్దయింది. స్టాంపు మీద మిగిలింది ఆ వంపు గీత ఒక్కటే. "అన్నయ్యా, ఎక్కడా చిరగకుండా వచ్చింది చూడు!" అని సంబరంగా ఎత్తి చూపించాడు. మా నాన్న గారు కోప్పడ్డారు. నేను కోప్పడలేదు, ఏం పోయిందో కూర్చోబెట్టి చెప్పాను. వాడికి అదే ఎక్కువ బాధ కలిగించింది. ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ తరవాత చాలా కాలం ఆ ఆల్బమ్ తెరవలేదు.

ఆ బిళ్లలు లక్షల్లో అచ్చయ్యాయి, ఇవాళ కూడా కొద్ది డబ్బుకే దొరుకుతాయి. మామయ్య రాత, హైదరాబాదు తేదీ, విజయనగరం తేదీ మూడూ ఉన్న కవరు మాత్రం లోకంలో అదొక్కటే.

అంతరిక్ష స్టాంపులకు తేదీయే ప్రాణం, తల్లీ. 1962 ఫిబ్రవరి 20న అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ భూమిని 3 సార్లు చుట్టి క్షేమంగా దిగాడని తెలిసేదాకా, ఆ యాత్ర మీద అమెరికాలో అచ్చువేసిన స్టాంపు సంగతి రహస్యంగా ఉంచారు. ముందే తపాలా కార్యాలయాలకు చేరిన కట్టలను ఆ తరవాతే విప్పి అమ్మారు. ఆ రోజు ముద్ర పడిన కవరు పెడితే ఈ కథంతా నువ్వు రాయకుండానే కనిపిస్తుంది. ఉత్త స్టాంపు పెడితే అది 4 సెంట్ల బిళ్ల, అంతే. అలాగే 1969లో చంద్రుడి మీద కాలు మోపిన సందర్భానికి మన దేశం వేసిన 20 పైసల స్టాంపునూ, అమెరికా వేసిన 10 సెంట్ల స్టాంపునూ పక్కపక్కన పెట్టు. ఆ అమెరికా స్టాంపు మూల అచ్చును అపోలో 11లో చంద్రుడి దాకా తీసుకువెళ్లి తెచ్చారని కింద ఒక వాక్యం రాయి.

కొనేటప్పుడు జాగ్రత్త. 1971లో అపోలో 15 వ్యోమగాములు అనుమతి లేకుండా సుమారు 400 కవర్లు వెంట తీసుకువెళ్లారు. ఆ సంగతి బయటపడ్డాక పెద్ద గొడవే అయింది. చంద్రుడి దాకా వెళ్లొచ్చిన కవరంటూ ఎవరైనా ఫోనులో చవకగా చూపిస్తే డబ్బు పంపకు. అజ్మాన్, ఫుజైరా అనే చిన్న గల్ఫ్ రాజ్యాల పేర్లతో వచ్చిన రంగురంగుల రాకెట్ బొమ్మలతో ఫ్రేము నింపకు. వాటిలో చాలావరకు సేకరించేవాళ్లకు అమ్మడానికే అచ్చువేసినవి. ముద్ర కనిపించినా ఏ ఉత్తరం మీదా ప్రయాణం చేయలేదు.

నాకున్న మరో భయం తేమ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు మన ఇంటి పైకప్పు కారి, బీరువా కింది అరలో ఉన్న నా కవర్లు కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మీ మేడ మీది గది పడమటి గోడకు చెమ్మ ఎక్కుతుందని నాకు తెలుసు. ఆల్బమ్‌ను ఆ గోడకు ఆనించకు, పడుకోబెట్టకు, నిలబెట్టు. ఆరబెడదామని ఎండలో పెట్టావంటే రంగు వెలిసిపోతుంది.

ఫ్రేములో పెట్టడానికి చెడని ఆర్యభట కవరు ఒకటి కొను, డబ్బు నేనిస్తాను. మీ నాన్న బిళ్లను మాత్రం ఆ రెండో పేజీ నుంచి కదపకు. దాని గురించి నేను చెప్పానని వాడితో అనకు. వాడంతట వాడు చెబితే విను.

1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ సోయుజ్ నౌకలో బయలుదేరిన రోజు ముద్ర ఉన్న కవరు నా దగ్గర ఉంది. రేపు స్పీడ్ పోస్టులో నీ పేరున పంపుతున్నాను. అందగానే ఫోను చెయ్యి. పదహారు కాగితాల్లో ఏది ఎక్కడ పెడతావో పెన్సిలుతో గీసి నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న