స్కూలుకెళ్లే రోజే నా ఫ్రెండ్‌కి కడుపునొప్పి.. ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కావలి దగ్గర పల్లెటూరు. కావలిలో టెన్త్ చదువుతున్నాను. నేనూ నా ఫ్రెండూ ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. పోయిన ఏడాది నెల్లూరు రొట్టెల పండక్కి కూడా కలిసే వెళ్లి విద్యా రొట్టె పట్టుకున్నాం. తనకు అమ్మాయిల మీద కాదు, అబ్బాయిల మీదే ఇష్టం కలుగుతుందని వేసవి సెలవుల్లో నాకొక్కడికే చెప్పాడు. వాడి నడక, గొంతు చూసి క్లాసులో కొందరు ‘తేడా’, ‘పాయింట్ ఫైవ్’ అంటారు. ఇప్పుడు బాత్రూమ్ దగ్గర అడ్డగించి ఏడిపిస్తున్నారు. నన్ను కూడా కలిపి అంటుంటే బెంచీ మారిపోయాను. వాడికి పొద్దున్నే కడుపునొప్పి, సాయంత్రం తలనొప్పి. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. స్కూల్లో నీళ్లు కూడా తాగడం లేదు. వాడిది జబ్బా? మందులతో మారుతుందా? వాడితో తిరిగితే నాకూ వస్తుందా? వాళ్లమ్మకు చెప్పమంటారా?
- ఒక విద్యార్థి

సమాధానం: బాబూ, ముందు కడుపునొప్పి సంగతి. స్కానింగ్‌లో ఏమీ కనపడనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు. పేగులకూ మెదడుకూ నరాల సంబంధం ఉంది. భయం వేస్తే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి పేగుల కదలిక మారిపోతుంది. పరీక్ష రోజు పొద్దున నీకూ కడుపులో తిప్పినట్టు ఉంటుంది కదా, అదే ఇది. వాడికి రోజూ పరీక్షే. ఆదివారాలు, పండగ సెలవుల్లో నొప్పి లేకుండా, స్కూలు తెరవగానే మొదలవుతుంటే కారణం స్కూల్లోనే వెతకాలి. బరువు తగ్గడం, జ్వరం, వాంతులు, విరేచనంలో రక్తం లాంటివి ఉంటే మాత్రం మళ్లీ డాక్టరుకు చూపించాల్సిందే.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది నీళ్లు తాగడం లేదన్న మాట. తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి, వెళ్తే అక్కడ వాళ్లుంటారు. మన ఎండల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గొంతు తడుపుకోకపోతే తలనొప్పి రాక ఏమవుతుంది? మూత్రం గంటల తరబడి ఆపుకుంటే మంట, ఇన్‌ఫెక్షన్ రావచ్చు. ఇలాంటి పిల్లాడికి తలనొప్పి మాత్రలు రాసిచ్చి పంపిస్తే సరిపోదు. నీళ్లెందుకు తాగడం లేదని అడగాలి. మా డాక్టర్లం కూడా చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్న అడగం.

అబ్బాయికి అబ్బాయి మీద ఇష్టం కలగడం జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దాన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో అదే మాట చెప్పింది. ఇద్దరు మేజర్ల మధ్య ఇష్టపూర్వకమైన సంబంధం నేరం కాదని అదే ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జబ్బే కానప్పుడు మందు ఉండదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడమూ ఉండదు. మారుస్తామంటూ ఇంజెక్షన్లు, షాక్ ట్రీట్‌మెంట్ అంటే ఒప్పుకోవద్దు. అలా మార్చే ప్రయత్నం చేయడం డాక్టరు వృత్తికే తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది.

నువ్వు బెంచీ మారావని తిట్టను. క్లాసంతా నవ్వుతుంటే తట్టుకోవడం పెద్దవాళ్లకే కష్టం. కానీ ఏడిపించేవాళ్లు ఒంటరిగా ఉన్నవాడినే చూసుకుంటారు. పక్కన ఒక్కడున్నా వాళ్ల జోరు తగ్గుతుంది. కొన్నాళ్లు నిన్నూ అంటారు. గొడవకు దిగకు. ఏ రోజు, ఎక్కడ, ఎవరు ఏమన్నారో కాగితం మీద రాసిపెట్టు. వాడితో మాట్లాడి, ఇద్దరూ కలిసి మీరు నమ్మే టీచరుకు ఆ కాగితం ఇవ్వండి. అక్కడ పని కాకపోతే 1098కి ఫోన్ చేయొచ్చు, అది పిల్లల కోసమే ఉన్న నంబరు.

వాళ్లమ్మ సంగతి. వాడు నిన్ను నమ్మి చెప్పుకున్న విషయం ఇంట్లో చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి అన్నది వాడి ఇష్టం. ఏడిపిస్తున్న సంగతి వేరు. “ఆంటీ, స్కూల్లో కొందరు వీణ్ని బాత్రూమ్ దగ్గర ఆపి ఏడిపిస్తున్నారు” అంటే చాలు, ఎందుకో చెప్పనక్కర్లేదు. ఒకవేళ వాడు బతకాలని లేదన్నా, చేతి మీద గాట్లు కనపడినా, తన వస్తువులు పంచిపెడుతున్నా వాణ్ని ఒంటరిగా వదలకు, వెంటనే పెద్దవాళ్లలో ఎవరికైనా చెప్పు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నా సరే, చెప్పు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి రాత్రయినా పగలయినా ఫోన్ చేసి తెలుగులో ఉచితంగా మాట్లాడొచ్చు. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది. వాడి భయానికి, టెన్షన్‌కి అక్కడ సాయం దొరుకుతుంది.

రేపు పొద్దున పాత బెంచీలోనే కూర్చో. సారీ చెప్పడానికి మాట రాకపోతే నీళ్ల బాటిల్ తీసి వాడి ముందు పెట్టు. ఇంటర్వెల్ బెల్ కొట్టగానే వాడితో పాటు బాత్రూమ్‌కి నువ్వూ వెళ్లు. ఇంకొకడిని కూడా తోడు తీసుకెళ్లగలిగితే మరీ మంచిది.