పది శాతం స్కాన్ చేయవచ్చా?

గ్రంథాలయ పుస్తకంలో పది శాతం వరకు స్కాన్ చేసి తరగతికి పంచవచ్చన్నది నిజమేనా, గ్రంథాలయం చందా కట్టే ఈ-జర్నళ్లకూ (ఆన్‌లైన్‌లో చదివే పరిశోధన పత్రికలకూ) ఆ లెక్కే వర్తిస్తుందా అని మీరు అడిగారు. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చాలా ఏళ్లు పనిచేసిన నాకు ఈ పది శాతం మాట అధ్యాపకుల నోట వినపడని విద్యా సంవత్సరం లేదు.

అమెరికా కాపీరైట్ చట్టంలో గానీ భారత కాపీరైట్ చట్టంలో గానీ ఆ అంకె లేదు. 1976లో అమెరికాలో విద్యాసంస్థల, రచయితల, ప్రచురణకర్తల ప్రతినిధులు తరగతి ప్రతుల కోసం కుదుర్చుకున్న మార్గదర్శకాల్లో, వచన గ్రంథం నుంచి వెయ్యి పదాలు లేదా పది శాతం, వీటిలో ఏది తక్కువైతే అది తీసుకోవచ్చని ఉంది. అది ఒప్పందమే తప్ప చట్టం కాదు. అదే ఏడాది వచ్చిన చట్టంలోని 107వ సెక్షన్, వాడుక ఉద్దేశాన్ని, రచన స్వభావాన్ని, తీసుకున్న భాగం పరిమాణాన్నీ ప్రాధాన్యాన్నీ, దానివల్ల మూలరచన అమ్మకాలపై పడే ప్రభావాన్ని కలిపి తూచమంటుంది. పది శాతాన్నో ఒక అధ్యాయాన్నో గీటురాయిగా పెట్టుకోవడం తప్పని 2014లో అక్కడి అప్పీలు న్యాయస్థానం ఒకటి చెప్పింది. భారతదేశంలో 1957 చట్టంలోని 52వ సెక్షన్ బోధన క్రమంలో ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ ప్రతి తీసుకోవడాన్ని అనుమతిస్తుంది. బోధనకు ఎంత అవసరమన్నదే అక్కడ కొలమానమని 2016లో ఢిల్లీ హైకోర్టు వివరించింది. కాబట్టి ఎన్ని పేజీలు అన్న ప్రశ్న కంటే, ఈ పాఠానికి ఈ భాగం ఎందుకు కావాలన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండటం ముఖ్యం.

ఈ-జర్నళ్ల సంగతి వేరు. పుస్తకం కొంటే ఆ ప్రతి గ్రంథాలయానిది అవుతుంది. ఈ-జర్నల్ విషయంలో సాధారణంగా మనకు దక్కేది లైసెన్సు ఒప్పందం మేరకు చదువుకునే అవకాశం మాత్రమే. ఒకసారి మా దగ్గర ఒక పరిశోధక విద్యార్థి ఒక జర్నల్ సంపుటాలన్నింటినీ రాత్రికి రాత్రి ప్రోగ్రాము సాయంతో దించుకోవడంతో, ప్రచురణ సంస్థ మా ప్రాంగణం మొత్తానికీ ప్రవేశం ఆపేసింది. సిద్ధాంత గ్రంథాలు సమర్పించే వారాల్లో అందరూ ఇబ్బంది పడ్డారు. అతనికి దురుద్దేశం లేదు. మూకుమ్మడిగా దించుకోవడాన్ని లైసెన్సు నిషేధిస్తుందని మేమెవరమూ అతనికి చెప్పలేదు, అది మా లోపమే.

అందుకే వ్యాసం పీడీఎఫ్‌ను తరగతి సమూహంలో పెట్టకుండా, దాని శాశ్వత లింకు ఇవ్వండి. విద్యార్థులు తమ ఖాతాలతో తెరుచుకుంటారు, వాడకం గణాంకాల్లోనూ నమోదవుతుంది, చందా కొనసాగించాలా వద్దా అని తేల్చేటప్పుడు గ్రంథాలయం ముందుగా చూసేది ఆ గణాంకాలనే. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో, అంటే కొన్ని షరతులపై పంచుకోవచ్చని హక్కుదారే ముందుగా ఇచ్చిన అనుమతితో వచ్చిన వ్యాసాన్నైతే, ఆ లైసెన్సు షరతులు పాటిస్తూ నేరుగా పంచవచ్చు. రచయిత పేరు రాస్తే చాలునని కొందరు అనుకుంటారు గానీ, పేరు రాయడం గ్రంథచౌర్య నింద నుంచి కాపాడుతుందే తప్ప అనుమతికి బదులు కాదు. అచ్చు పుస్తకంలోని అధ్యాయం కావాలంటే, స్కాన్ చేసే ముందు కోర్సు పేరు, పేజీల సంఖ్య, విద్యార్థుల సంఖ్య రాసి మీ గ్రంథాలయంలో ఈ-వనరులు చూసే ఉద్యోగికి పంపండి. అదే పుస్తకానికి ఈ-ప్రతి లైసెన్సు అప్పటికే ఉండి, స్కానింగ్ అవసరమే లేకపోవడం నేను చాలాసార్లు చూశాను.