ఇన్వర్టర్ ఉన్నా ఫైల్ సర్వర్ ఆగుతోంది

ప్రశ్న: మా ఇంట్లో రెండు హార్డ్‌డిస్కుల ఫైల్ సర్వర్ (ఇంట్లో అందరి ఫైళ్లూ దాచే చిన్న కంప్యూటర్) ఉంది. ఇన్వర్టర్ లైన్‌లోనే పెట్టినా కరెంటు పోగానే రీస్టార్ట్ అవుతోంది. ఎంత యూపీఎస్ కొనాలి?

జవాబు: ఇన్వర్టర్ బ్యాటరీకి మారే ఆ లిప్తపాటు ఖాళీని సర్వర్ తట్టుకోలేకపోతోంది. సర్వర్, రౌటర్ కలిపినా సాధారణంగా 50 వాట్ల లోపే కాబట్టి 600 వీఏ (యూపీఎస్ సామర్థ్యానికి కొలత) యూపీఎస్ చాలు. కొనేముందు దాని వెనక యూఎస్‌బీ డేటా పోర్టు ఉందో లేదో తప్పక చూడండి. చవక మోడళ్లలో చాలావాటికి ఉండదు. అది లేకపోతే బ్యాటరీ అయిపోవస్తోందని సర్వర్‌కు తెలియదు, రాస్తున్న ఫైలు మధ్యలోనే పాడవచ్చు. యూపీఎస్‌ను సర్వర్‌కు యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, కరెంటు పోయిన 5 నిమిషాలకు సర్వర్ షట్‌డౌన్ అయ్యేలా పెట్టుకోండి. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దైతే (మెయిన్ కరెంటులా నునుపైన అలగా కాక చదరపు అలగా కరెంటు ఇచ్చే రకం) యూపీఎస్ ఆ కరెంటును ఒప్పుకోక తన బ్యాటరీనే ఖాళీ చేసుకోవచ్చు. అప్పుడు యూపీఎస్‌కు ఇన్వర్టర్ లైన్ కాకుండా నేరుగా మెయిన్ లైన్ ఇవ్వండి. యూపీఎస్ లోపలి 12 వోల్టుల బ్యాటరీ మన ఎండలకు రెండుమూడేళ్లే వస్తుంది.